కొనకీ పిడికీ మధ్య

సరైన స్క్రూకి సరైన స్క్రూడ్రైవర్‌ని ఎంచుకోవడం నాగరికతకే పునాది అనీ, అంతటి విషయాన్ని ఇకమీదట మనుషుల చేతుల్లో వదిలిపెట్టడం క్షేమం కాదనీ భవన నిర్వహణ ప్రధాన కార్యాలయం ఏకగ్రీవంగా తీర్మానించింది. నిప్పునీ చక్రాన్నీ కనిపెట్టినప్పుడు ఎవరూ కమిటీ వెయ్యలేదనీ, అందుకే వాటివల్ల ఇప్పటికీ ప్రమాదాలు జరుగుతున్నాయనీ ఆ తీర్మానం రెండో పేరాలో ఉంది. (మొదటి పేరాలో సమావేశానికి ఎవరెవరు వచ్చారో, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఉంది.)

ఇంత ఘనమైన తీర్మానానికి మూలం ఒక అరఠావు కాగితం. అది రాసినవాడు ఏసీ మావయ్య.

ఆ భవనానికి తొమ్మిది అంతస్తులు. వేసవిలో చల్లగాలి, చలికాలంలో వేడిగాలి తోలే యంత్రాలు అంతస్తుకి నాలుగు. వాటి కరెంటు పెట్టెలన్నీ ఇరవై రెండేళ్ళుగా ఏసీ మావయ్య చేతి కిందే ఉన్నాయి. లిఫ్టు దగ్గర కూర్చునేవాడి నుంచి పై అంతస్తు మేనేజర్ దాకా అందరికీ ఆయన మావయ్యే. ఏ వరసలో మావయ్య అని ఎవరూ అడగరు. ఏసీ ఆగిపోయినప్పుడు వరసలు చూసుకునే ఓపిక ఎవరికుంటుంది?

నిజంగా వరస ఉన్నవాడు ఆ భవనంలో ఒక్కడే, మావయ్యతో పాటే పనిచేసే బావమరిది. నలభై దాటాయి, పెళ్ళి మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు, అక్కాబావల ఇంట్లోనే ఉంటాడు. నోట్లో నాలుక లేని మనిషి. అతన్ని పట్టుబట్టి ఈ ఉద్యోగంలో పెట్టించింది మావయ్యే. ఆ సంగతి ఇంట్లో ఎవరూ గుర్తు చెయ్యరు కాబట్టి మావయ్యకి రోజూ గుర్తొస్తుంటుంది.

కిందటి వేసవిలో ఆరో అంతస్తులో ఒక యంత్రం ఆగి ఆగి నడుస్తోందంటే బావమరిది చూడటానికి వెళ్ళాడు. కంప్రెసర్‌కి కరెంటు అందించే కాంటాక్టర్‌లో ఒక స్క్రూ వదులైంది. పావు చుట్టు తిప్పితే బిగిసిపోయేది. ఆఫీసువాళ్ళిచ్చిన స్క్రూడ్రైవర్‌కి పిడి ప్లాస్టిక్కే గానీ కడ్డీ అంతా ఉత్త ఇనుము. ఆ కడ్డీ వెళ్ళి పెట్టె అంచుకి తగిలింది, ఫట్‌మని ఒక మెరుపు మెరిసింది. మనిషి బతికాడు. కుడిచేతి రెండు వేళ్ళు మాత్రం ఆ రోజు నుంచీ చెప్పిన మాట వినడం మానేశాయి.

కరెంటు ఆపి చెయ్యొచ్చు కదా అని తెలివైన పాఠకులు అడుగుతారు. (తెలివైన పాఠకులు ఆ భవనంలో పనిచెయ్యరు.) కరెంటు ఆపాలంటే అందువల్ల ఏ ఆఫీసు పనీ చెడదని పదకొండుమంది సంతకాలు పెట్టాలి, అప్పుడుగానీ కింది అంతస్తులో ఉన్న స్విచ్చుల గది తాళంచెవి ఇవ్వరు. కరెంటు ఆపకుండా పనిచెయ్యడానికి మాత్రం ఒక్క సంతకం కూడా అక్కర్లేదు. నిబంధనలు రాసినవాళ్ళు ఆ విధంగా కార్మికులకి వెసులుబాటు కల్పించారు.

యూనిఫాం చొక్కాకి ఐదు గుండీలు. ఐదూ పెట్టుకునే లోపలికి రావాలన్నది ఇంకో నిబంధన. వేళ్ళు మొరాయించిన దగ్గర్నుంచీ బావమరిదికి రోజూ పొద్దున్నే గుండీలు పెడుతున్నది వాళ్ళక్క, అంటే మావయ్య భార్య. ఆవిడకి లాండ్రీలో ఇస్త్రీ పని. ఏడింటికల్లా అక్కడ ఉండాలి. తమ్ముడు సిగ్గుతో గోడకేసి చూస్తూ నిలబడితే, ఆవిడ పై గుండీ నుంచి కింది గుండీ దాకా చకచకా పెట్టేసి బుజం మీద ఒకటి తట్టి వెళ్ళిపోతుంది. ఒకరోజు ఆఖరి గుండీ దగ్గర ఆగి, మొగుడి వైపు తిరగకుండానే అంది.

"వీడి సంగతి నేను చూసుకుంటాను. మీ వేళ్ళు మాత్రం పదీ మీతో పాటే ఇంటికి రావాలి. సరైన సామాను ఇచ్చేదాకా కరెంటు ఉన్న పెట్టెలో చెయ్యి పెట్టనని నాకు మాటివ్వండి."

మావయ్య మాటిచ్చాడు. ఆ మధ్యాహ్నమే కూర్చుని అరఠావు కాగితం రాశాడు. "అయ్యా, కడ్డీకి ఇన్సులేషన్ తొడుగు ఉన్న స్క్రూడ్రైవర్లు ఆరు ఇప్పించగలరు. ప్లస్ కొనవి మూడు, మైనస్ కొనవి మూడు, పెద్దదీ మధ్యదీ చిన్నదీ. కొన గాడిలో నిండుగా కూర్చోవాలి, తొడుగు చిరిగి ఉండకూడదు. అవి లేక మా బావమరిదికి దెబ్బ తగిలింది." స్క్రూడ్రైవర్ల ఎంపిక గురించి ఇంతకు మించి తెలుసుకోవలసింది ఉందని ఆయనకి ఇరవై రెండేళ్ళలో ఎవరూ చెప్పలేదు. పాపం, చదువు తక్కువ.

ఇంకో ఆఫీసైతే ఆ కాగితాన్ని చెత్తబుట్టలో పడేసేది. మన ప్రధాన కార్యాలయం అలాంటిది కాదు. దాన్ని కంటికి రెప్పలా చూసుకుంది. దానికో ఫైలు, ఫైలుకో బీరువా, బీరువాకో గది, గదికి పన్నెండు కుర్చీలు ఏర్పాటు చేసి, గది తలుపు మీద 'స్క్రూడ్రైవర్ ఎంపిక విభాగం' అని బోర్డు పెట్టింది. (ఆ బోర్డు జిగురుతో అంటించారు. స్క్రూలతో బిగిస్తే పక్షపాతం అవుతుందని.) ఎంపిక అధికారిగా కర్టెన్ల విభాగంలో పంతొమ్మిదేళ్ళు మచ్చ లేకుండా పనిచేసిన ఒక పెద్దమనిషిని తెచ్చారు. ఆయన జన్మలో స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు కాబట్టి ఏ స్క్రూడ్రైవర్ మీదా ఆయనకి రాగద్వేషాలు లేవు. ఆయన కింద కొన పరిశీలకుడు ఒకరు, పిడి పరిశీలకురాలు ఒకరు.

విభాగం చేసిన మొదటి పని భవనంలో ఉన్న స్క్రూడ్రైవర్లన్నిటినీ స్వాధీనం చేసుకోవడం. ఎంపిక ఇంకా జరగలేదు కాబట్టి ఉన్నవన్నీ ఎంపిక కానివే అవుతాయనీ, ఎంపిక కానివాటిని వాడటం నేరమనీ తర్కం. మూడు గోనెసంచులు నిండాయి. వాటికి లక్క ముద్ర వేసి బీరువా వెనక పెట్టారు. పని నేర్పిన గురువు మావయ్యకిచ్చిన ఆకుపచ్చ పిడి స్క్రూడ్రైవర్ కూడా అందులోకే పోయింది. దానికి రసీదు ఇచ్చారు. 'ఒకటి, ఆకుపచ్చ, అనుమానాస్పదం' అని ఉంది అందులో. మావయ్య ఆ రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత మావయ్యని నిపుణుడి హోదాలో పిలిపించారు. (నిపుణులకి కుర్చీ ఉండదు.) ఎంపిక అధికారి చాలా మర్యాదగా, ఈ ఇన్సులేషన్ అనేది ఎక్కడుండాలో వివరించమన్నాడు.

"కడ్డీ మీద సార్. కొన దగ్గర కొంచెం వదిలేసి, అక్కణ్ణుంచి పిడి దాకా ఉండాలి."

అధికారి కొన పరిశీలకుడి వైపు చూశాడు. కొన అయిపోయిన చోటే తన పరిధి అయిపోతుందని ఆయన చెప్పాడు. అధికారి రెండో వైపు చూశాడు. పిడి మొదలయ్యే చోటే తన పరిధి మొదలవుతుందని ఆవిడ చెప్పింది. ఇద్దరూ తమ నియామక పత్రాలు తీసి చూపించారు. వాటిలో కొలతలతో సహా ఉంది.

"మరి మధ్యలోది ఎవరు చూస్తారు సార్?" అన్నాడు మావయ్య.

"మధ్యలో ఏముంటుందయ్యా?" అన్నాడు అధికారి. ఆయనకి నిజంగానే తెలియదు.

"కడ్డీ సార్. మనిషిని చంపేది అదే."

అందరూ కాసేపు ఆలోచించారు. కొనకీ పిడికీ మధ్య ప్రస్తుతానికి ఏమీ లేదని సభ్యులు అభిప్రాయపడినట్టు గుమస్తా రాసుకున్నాడు. మావయ్యకి ధన్యవాదాలు చెప్పి పంపేశారు.

ఇక యాప్ సంగతి. దాని పేరు 'సరిజోడు'. ఇకనుంచి స్క్రూడ్రైవర్ కావలసినవాడు స్టోరుకి పరిగెత్తక్కర్లేదు, ఉన్నచోటి నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. స్క్రూ పొడవెంత, వయసెంత, ఏ యంత్రంలో పుట్టింది, ఇప్పుడెక్కడ ఉంటోంది, దానికి ఇంతకుముందు వేరే స్క్రూడ్రైవర్‌తో పరిచయం ఉందా, ఉంటే ఎందుకు విడిపోయారు, ఇవన్నీ నింపాలి. పిల్ల సంబంధానికి కూడా ఇన్ని వివరాలు ఎవరూ అడగరని కింది అంతస్తు ప్లంబర్ వాపోయాడు. ఆఖరున స్క్రూ ఫొటో పెట్టాలి. స్క్రూ ఒంటరిగా ఉండాలి, వెనక తెల్లకాగితం ఉండాలి, నీడ పడకూడదు.

తెల్లకాగితం మీద పెట్టాలంటే స్క్రూని ఊడదియ్యాలి. ఊడదియ్యాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. స్క్రూడ్రైవర్ కావాలంటే ఫొటో కావాలి. ఈ చిక్కుముడిని మావయ్య ఎంపిక అధికారి దృష్టికి తీసుకెళితే, ఆయన చాలా సంతోషించి, యాప్ ఇంత పకడ్బందీగా తయారైందని తనకి ఇప్పటిదాకా తెలియదన్నాడు.

చేసేది లేక మావయ్య జేబులోంచి నాణెం తీసి, పెట్టె మూత స్క్రూని నాణెంతో విప్పి, తెల్లకాగితం మీద పడుకోబెట్టి ఫొటో తీశాడు. తొమ్మిది రోజులకి జవాబొచ్చింది. విప్పేసిన స్క్రూని విప్పడానికి స్క్రూడ్రైవర్ మంజూరైందనీ, అయితే ఎంపిక పూర్తికాలేదు కనక సరుకు లేదనీ ఉంది అందులో. కింద, మా సేవలు మీకు నచ్చాయా అని ఐదు నక్షత్రాలు. మావయ్య ఐదూ నొక్కాడు. తక్కువ నొక్కితే ఎందుకు నచ్చలేదో రెండు పేజీలు రాయాలి.

నాణేల వాడకం ఎలాగో విభాగం చెవిన పడింది. విధుల్లో ఉన్న సిబ్బంది జేబులో చిల్లర ఉంచుకోరాదని మర్నాడే ఉత్తర్వు వచ్చింది. గేటు దగ్గర కాపలావాడు జేబులు తడిమి, గలగలమన్నవాళ్ళని పక్కన నిలబెట్టేవాడు. అప్పుడు ఎవరికి తట్టిందో గానీ, క్యాంటీన్‌లో చెంచాలు మాయం కావడం మొదలైంది.

చెంచా పనిముట్ల జాబితాలో లేదు. కాబట్టి దాని మీద నిషేధం లేదు. రెండ్రోజుల్లో భవనంలోని మెకానిక్కులందరూ, ఒక్క సమావేశమైనా లేకుండా, ఏ స్క్రూకి ఏ చెంచా అన్నది తేల్చేసుకున్నారు. సన్న గాడికి టీ చెంచా తోక, వెడల్పు గాడికి పెద్ద చెంచా తోక, పెట్టె మూతలకి గరిట. బావమరిది ఒక చెంచా తోకని ఆకురాయితో అరగదీసి, కొసకి కొంచెం పైనుంచి నల్లటేపు చుట్టి, ముచ్చటగా తయారుచేశాడు. వేళ్ళు సహకరించకపోయినా పనితనం పోలేదు. మావయ్య దాన్ని చూసి మెచ్చుకున్నాడు గానీ, కరెంటు ఉన్న పెట్టె దగ్గరికి మాత్రం దాన్ని పోనివ్వలేదు. టేపు టేపే, తొడుగు తొడుగే. ఇచ్చిన మాట ప్రకారం ఎక్కడ లోపలి స్క్రూ బిగించాలన్నా సంతకాల కాగితం పట్టుకుని అంతస్తులన్నీ ఎక్కి దిగేవాడు. ఒక్కో స్క్రూకి సగటున ఆరు రోజులు పట్టేది. ఆ ఆరు రోజులూ చెమటలు కారుతున్న గుమస్తాలు మావయ్యని తిట్టుకునేవాళ్ళు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఆయన నవ్వేసేవాడు. నవ్వినంత మాత్రాన బాధ లేదని కాదు.

ఇలా ఏడాది గడిచింది. మళ్ళీ వేసవి వచ్చింది. ఎంపిక విభాగం తుది సమావేశం పెట్టుకున్న రోజున ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆ గది కిటికీలన్నీ చల్లదనం బయటికి పోకుండా ఎప్పుడో మేకులు కొట్టి మూసేశారు. బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి, దాని మీద ఒక కంపెనీ పంపిన నమూనాలు పెట్టారు. పదకొండూ నలభైకి గదిలోని ఏసీ ఒకసారి గుర్రుమని ఆగిపోయింది. పదకొండూ నలభై అయిదుకి మావయ్య, బావమరిది వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

మావయ్య ఏసీ వంక చూడలేదు, బల్ల వంక చూశాడు. ఎర్రగుడ్డ మీద ఆరు స్క్రూడ్రైవర్లున్నాయి. ప్లస్ మూడు, మైనస్ మూడు, పెద్దదీ మధ్యదీ చిన్నదీ. కడ్డీ కనిపించకుండా, కొన దాకా నారింజరంగు తొడుగు. ఏడాది కిందట ఆయన అరఠావు కాగితం మీద రాసినవి రాసినట్టుగా ఎదురుగా వచ్చి కూర్చున్నాయి. మావయ్యకి కళ్ళు చెమర్చాయి. ఎండకి చెమట పట్టినట్టు మొహం తుడుచుకున్నాడు.

కరెంటు పెట్టె ఆ గది మూలలోనే ఉంది. మూత విప్పి చూస్తే మళ్ళీ అదే రోగం. కాంటాక్టర్ స్క్రూ వదులైంది, పావు చుట్టు పని. మావయ్య చేతులు కట్టుకుని అడిగాడు.

"ఆ మధ్యది ఒక్క నిమిషం ఇప్పించండి సార్. బిగించేసి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేస్తాను."

ఎంపిక అధికారి ఈ కోరికని చాలా సహనంతో విన్నాడు. ఇవి నమూనాలనీ, వాడిన మరుక్షణం నమూనా నమూనా కాకుండా పోతుందనీ, వాడిన వస్తువుని ఎంపిక చేస్తే విభాగం నిష్పాక్షికత ఏమవుతుందనీ వివరించాడు. పైగా వాటి కొనల పరిశీలన పూర్తయింది, పిడులదీ పూర్తయింది, మధ్యలో ఏదో నారింజరంగు పదార్థం ఉన్నట్టు కనిపిస్తోంది, అది ఎవరి పరిధి అన్నదే ఈ రోజు చర్చ.

అయితే కరెంటు ఆపిస్తానన్నాడు మావయ్య. సంతకాల కాగితం పట్టుకుని పరిగెత్తాడు. అదృష్టం బాగుండి, ఆ రోజు పదిమంది తమతమ కుర్చీల్లోనే ఉన్నారు. (ఆ భవన చరిత్రలో ఇది రెండోసారి. మొదటిసారి లిఫ్టు ఆగిపోయింది.) గంటన్నరలో పది సంతకాలు తెచ్చాడు. పదకొండోది ఎంపిక అధికారిది. అప్పటికే గదిలో పన్నెండుమందీ ఉడికిపోతున్నారు. కొన పరిశీలకుడు ఫైలుతో విసురుకుంటున్నాడు. పిడి పరిశీలకురాలు చెప్పులు విడిచేసింది. అధికారి కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, విచారంగా తల అడ్డంగా ఊపాడు. కరెంటు ఆపితే సమావేశాన్ని రికార్డు చేసే యంత్రం ఆగిపోతుంది. రికార్డు కాని సమావేశం జరగనట్టే లెక్క. జరగని సమావేశంలో కూర్చుని తాను సంతకం ఎలా పెడతాడు?

"ఇన్నాళ్ళూ ఎలా చేస్తున్నారో అలాగే చెయ్యండి," అన్నాడు. "ఎలా చేస్తున్నారో మాత్రం నాకు చెప్పకండి."

"కరెంటు ఉండగా నేను ముట్టుకోను సార్. ఇంట్లో మాటిచ్చాను."

అధికారికి కోపం రాలేదు. ఆయనకి ఎప్పుడూ రాదు. సొరుగులోంచి సహాయ నిరాకరణ పత్రం ఒకటి తీసి, కలం మూత విప్పి, ఎవరి పేరు రాయమంటారని అడిగాడు. మావయ్య సీనియర్ కనక ఆయన మీద రాస్తే విచారణకి ముగ్గురు సభ్యులు కావాలట. పక్కనున్నాయన మీదైతే ఒక్క సభ్యుడు చాలట. ఏడాదిగా ఎడంచేత్తో నెట్టుకొస్తున్న మనిషి కనక, ఉద్యోగం తీసెయ్యడానికి ఆ ఒక్క సభ్యుడికీ పెద్దగా ఆలోచించే పని ఉండదట. ఇదంతా సహాయం చేస్తున్నట్టే చెప్పాడు.

బావమరిది జేబులోంచి నల్లటేపు చుట్టిన చెంచా తీశాడు. దాన్ని కుడిచేతిలోంచి ఎడంచేతిలోకి మార్చుకుని, పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నేను చేసేస్తాలే బావా. ఎడంచెయ్యి బాగానే ఉంది."

మావయ్య ఒక్క క్షణం ఆ చెయ్యి వంక చూశాడు. మొదటి దెబ్బ తర్వాత కరెంటు ఉన్న పెట్టె ముందు అతను కూర్చోవడం అదే మొదలు. ఆయనకి ఇల్లు గుర్తొచ్చింది. గోడకేసి చూస్తూ నిలబడే ఈ మనిషీ, ఆఖరి గుండీ దగ్గర ఆగిన ఆవిడా గుర్తొచ్చారు. ఈ రెండో చెయ్యి కూడా పోతే ఆవిడ ముందు నిలబడటం తన వల్ల కాదనిపించింది. మాట తప్పినవాడిగా నిలబడటం ఎంతోకొంత నయం.

"ఇలా ఇవ్వు," అన్నాడు మావయ్య. బావమరిది ఇవ్వలేదు. మావయ్యే అతని వేళ్ళు విడదీసి తీసుకున్నాడు.

చెంచా తోక గాడిలో బాగానే కూర్చుంది. పావు చుట్టులో సగం తిరిగింది. గదిలోని వేడికి టేపు జిగురు కరిగి ఉంది. రెండో సగంలో టేపు జారింది, చెంచా మెడ పెట్టె అంచుకి తగిలింది. ఫట్‌మని మెరుపు మెరిసింది. మావయ్య వెనక్కి ఎగిరి గోడకి కొట్టుకుని కూలబడ్డాడు. బావమరిది పెట్టెకి కర్రకుర్చీ అడ్డం పెట్టి ఆయన్ని ఇంకా దూరంగా లాగాడు.

స్క్రూ మాత్రం బిగిసింది. ఏసీ గుర్రుమని లేచి చల్లగాలి తోలడం మొదలుపెట్టింది. సభ్యులు సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టారు. కుడిచేతిని చంకలో పెట్టుకుని మావయ్య మూలుగుతుంటే, రికార్డులో ఇబ్బంది అవుతోంది, దయచేసి వరండాలోకి వెళ్ళి మూలగమని అధికారి మర్యాదగా కోరాడు. బావమరిది ఆయన్ని బుజాన వేసుకుని దింపుకెళ్ళాడు. లిఫ్టు పనిచేస్తోంది గానీ, పడుకున్నవాళ్ళని ఎక్కించుకోవడానికి అనుమతి లేదు.

గది చల్లబడింది కాబట్టి చర్చ ప్రశాంతంగా సాగింది.

విచారణ కూడా జరిగింది. జరగలేదని ఎవరూ అనడానికి లేదు. ప్రమాదాల పట్టికలో స్క్రూడ్రైవర్ వల్ల జరిగినవాటికి ఒక గడి ఉంది, నిచ్చెన వల్ల జరిగినవాటికి ఒక గడి ఉంది, తడినేల వల్ల జరిగినవాటికి ఒకటుంది. చెంచాకి లేదు. చెంచా క్యాంటీన్ ఆస్తి అని తేలడంతో ఫైలు క్యాంటీన్‌కి వెళ్ళింది. సదరు చెంచా ఘటన రోజు పొద్దున వేడినీళ్ళతో కడిగిందేననీ, తమ వైపు నుంచి శుభ్రతా లోపం లేదనీ క్యాంటీన్ మేనేజర్ రాతపూర్వకంగా జవాబిచ్చాడు. అంతటితో ఫైలు మూసేశారు. మావయ్య దగ్గర మాత్రం చెంచా తిరిగి ఇవ్వలేదన్న బాకీ మిగిలింది. అది కరిగిపోయిందని చెబితే, కరిగిన ముక్క తెచ్చి చూపించమన్నారు.

ఆ నెల భవన సమాచార పత్రిక మొదటి పేజీలో ఎంపిక అధికారి ఫొటో వేశారు. తెల్లని వెనకతెర, నీడ పడలేదు. ఎంపిక విభాగం ఏర్పడిన నాటి నుంచీ స్క్రూడ్రైవర్ ప్రమాదాలు సున్నా అనీ, ఇంతటి విజయం చుట్టుపక్కల ఏ భవనమూ సాధించలేదనీ కింద రాశారు. ప్రమాదాలే లేనప్పుడు ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్ల అవసరం కూడా లేదని సభ్యులు ఏకగ్రీవంగా నిర్ణయించారు. నమూనాలు ఆరింటినీ కంపెనీకి తిప్పి పంపేశారు. ఒక్క గీత కూడా పడకుండా ఇంత భద్రంగా తిరిగొచ్చిన నమూనాలు తాము ఎన్నడూ చూడలేదని కంపెనీవాళ్ళు అభినందన లేఖ రాశారు. దాన్ని చట్రం కట్టించి విభాగం గోడకి జిగురుతో అంటించారు.

పత్రిక ఒకటి మావయ్య ఇంటికి కూడా వచ్చింది. పొద్దున పూట దాన్ని చదివే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఆవిడ ఏడింటికల్లా లాండ్రీలో ఉండాలి, అంతకుముందే ఇద్దరు మగవాళ్ళని గోడకేసి నిలబెట్టి, చొక్కాకి ఐదు చొప్పున, పది గుండీలు పెట్టాలి.